పప్పుకు ఆగిన డబ్బా పులుసుకు ఆగదు: చెరకు పిప్పి పార్శిల్ డబ్బాలపై సమీక్ష

కర్రీ పాయింట్‌లో పర్యావరణం మాటెత్తగానే అందరి చూపూ ప్లాస్టిక్ డబ్బా మీదికి పోతుంది. నిజానికి అక్కడ అసలు దోషి కవరు. పొగలు కక్కే సాంబారును పల్చటి పాలిథిన్ కవర్లో పోసి, మెలితిప్పి ముడేసి, కారుతుందేమోనని ఇంకో కవర్లో దించి, కూరా చట్నీ అన్నం కలిపి మూడో కవర్లో వేసి చేతికిస్తారు. పైసల్లో వచ్చే ఆ కవరుతో పోటీపడి గెలవాలి, దాని బదులు తెచ్చే సరుకు ఏదైనా. ఇప్పుడు ఎక్కువమంది కొంటున్నది చెరకు పిప్పి డబ్బా. అది ఏ కూరకు ఆగుతుంది, ఏ కూరకు చతికిలపడుతుంది, కొనేముందు ఏం చూడాలి అన్నదే ఈ సమీక్ష. రోజుకు వంద నుంచి రెండొందల పార్శిళ్లు కట్టే కర్రీ పాయింటు, టిఫిన్ సెంటరు, చిన్న మెస్సు లెక్కలో రాసింది ఇది. పెళ్లి క్యాటరింగ్ దారి వేరు.

ముందు చట్టం ఎక్కడుందో చూద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే తప్పటడుగు వేశారు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వాటిలో ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ట్రేలు, మిఠాయి పెట్టెలకు చుట్టే ఫిల్మూ ఉన్నాయి. క్యారీబ్యాగు మందం 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. మూత బిగుసుకునే పీపీ (పాలీప్రొపిలిన్ ప్లాస్టిక్) డబ్బా, అంటే నలుపు లేదా పారదర్శక రంగులో వచ్చే గట్టి డబ్బా, ఆ నిషేధ జాబితాలో లేదు. దాంతో తనిఖీకి భయపడిన కొట్లన్నీ కవరు వదిలి పీపీ డబ్బాకు మారాయి. తనిఖీ గండం గడిచింది గానీ, బయటికి వెళ్లే ప్లాస్టిక్ తగ్గలేదు, పెరిగింది. ఒక్క డబ్బాలో ఉండే ప్లాస్టిక్‌తో ఎన్నో కవర్లు తయారవుతాయి. మీ కొట్లో త్రాసు మీద ఖాళీ డబ్బా ఒకవైపు, కవర్లు ఒకవైపు పెట్టి చూస్తే ఆ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక చెరకు పిప్పి డబ్బా. చక్కెర మిల్లులో రసం తీశాక మిగిలిన పిప్పిని గుజ్జు చేసి, నీళ్లలో కలిపి, అచ్చులోకి పీల్చి, వేడి అచ్చుల మధ్య నొక్కి ఆరబెడతారు. ఉత్తరప్రదేశ్‌లోని అయోధ్య నుంచి పక్కా లిమిటెడ్ వాళ్ల ‘చక్’ లాంటి బ్రాండ్లున్నాయి, పేరు లేని టోకు సరుకూ బోలెడంత దొరుకుతుంది. తయారీలో ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా సమీక్షంతా దానంతట అదే అర్థమవుతుంది. ఈ డబ్బాలో నారలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేది జిగురుతో కాదు, తడిసి ఆరినప్పుడు వాటి మధ్య ఏర్పడిన పట్టుతో. మళ్లీ వేడీ తడీ కలిసి తగిలాయంటే ఆ పట్టే సడలుతుంది. చల్లటి నీళ్లను గంటలకొద్దీ మోసే డబ్బా, మరిగే చారుకు అరగంటలో మెత్తబడేది అందుకే. పైగా మెత్తబడటం అడుగున మొదలవదు, అంచున మొదలవుతుంది. ఆవిరి మూతకు తగిలి నీరై, అంచు గాడిలోకి జారి అక్కడే నిలుస్తుంది. మూత పట్టు వదిలేది అక్కడ.

దీన్ని ఆపడానికి గుజ్జులోనే నీటినీ నూనెనూ తట్టుకునే మందులు కలుపుతారు. నీటి మందుతో పేచీ లేదు. నూనె మందు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పాత రకం డబ్బాల్లో నూనె ఇంకకుండా ఫ్లోరిన్ ఉన్న రసాయనాలు వాడేవారు, వాటికే పీఫాస్ అని పేరు. మట్టిలో, నీళ్లలో పోకుండా ఉండిపోతాయవి. ఎరువైపోతుందని కొన్న డబ్బా ఎరువులోకి వాటిని చేర్చిందంటే కొన్న ప్రయోజనమే పోయింది. అమెరికాలో ఆహార ప్యాకింగ్ కాగితాలకు నూనె ఇంకకుండా పూసే పీఫాస్ మందుల అమ్మకం ఆగిపోయిందని 2024 ఫిబ్రవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఇక్కడి కొనుగోలుదారు చేయగలిగిందల్లా సరఫరాదారుణ్ని ల్యాబ్ రిపోర్టు అడగడమే: మొత్తం ఫ్లోరిన్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) లోపు ఉందని చూపించాలి. ‘మాది హండ్రెడ్ పర్సెంట్ నేచురల్ సార్’ అన్నది రిపోర్టు కింద లెక్క కాదు. ఇంకో చిక్కు, పీఫాస్ లేని డబ్బా నూనెను త్వరగా పీలుస్తుంది. గుత్తివంకాయ పెట్టి గంటయ్యాక అడుగున పసుపు మరక కనబడితే అది నాసిరకమని తీర్మానించకండి, చాలాసార్లు అదే మంచి సరుకు. మరకను అడ్డుకునే ఉపాయం కింద ఉంది.

కొనేముందు నాలుగు పరీక్షలు. పెట్టెకు 500 చొప్పున వస్తాయి కాబట్టి పొరపాటున కొంటే అయిపోయేదాకా వాటితో వేగాల్సిందే. ముందు ఒక్కో సైజులో పాతిక నమూనాలు తెప్పించుకోండి.

మొదటిది నానబెట్టడం. ఒక డబ్బాను ముక్కలుగా చింపి బకెట్టు నీళ్లలో రాత్రంతా వదిలి, పొద్దున్నే రెండు చేతులతో నలపండి. అసలైన పిప్పి డబ్బా పూర్తిగా గుజ్జవుతుంది, తడి అట్టముక్క లాగా విడిపోతుంది. లోపల పల్చటి పొర పెచ్చులా వేళ్లకు తగిలి, లాగితే సాగిందంటే అది ప్లాస్టిక్ పూత. పూత ఉన్న సరుకు సాంబారుకు బాగా ఆగుతుంది, కానీ అది కాగితమూ కాదు ప్లాస్టిక్కూ కాదు. రీసైక్లింగ్ వాడు తీసుకోడు, మట్టి కూడా తీసుకోదు. ఈ ఒక్క పరీక్షకే చాలా పేరులేని సరుకు బయటపడుతుంది.

రెండోది వేడి నీళ్లు. మరిగించి అయిదు నిమిషాలు ఆగిన నీళ్లను డబ్బాకు ముప్పాతిక వంతు పోసి, మూత పెట్టి, తెల్ల కాగితం మీద 40 నిమిషాలు ఉంచండి. ఎత్తాక కాగితం ఊరికే చెమ్మగిల్లితే ఫరవాలేదు, అడుగున ఆవిరి చెమట సహజం. గుండ్రటి తడి వలయం పడితే అడుగు నొక్కుడు సరిగా లేదన్నమాట. అప్పుడే డబ్బాను అంచు పట్టి ఒంటిచేత్తో లేపండి. వంగి మడత పడితే ఆ సైజు మీకు పనికిరాదు.

మూడోది నూనె. గోరువెచ్చటి వేరుశెనగ నూనె రెండు చెంచాలు పోసి గంట వదలండి. తర్వాత తుడిచి, డబ్బాను వెలుతురుకు ఎత్తి కింద నుంచి చూడండి. నూనె ఇంకిన చోట వెలుతురు తేలిగ్గా దాటుతుంది. మరక అంతటా సమంగా ఉంటే మామూలే. సూదిమొనల్లాంటి చుక్కలుగా కనబడితే గుజ్జు సమంగా పరచుకోలేదు, ఆ చుక్కల్లోంచే కారుతుంది.

నాలుగోది బండి. పప్పు పోసిన డబ్బాను సంచిలో వేసి స్కూటర్ కొక్కేనికి తగిలించి రెండు మూడు కిలోమీటర్లు, ఒకటి రెండు స్పీడ్‌బ్రేకర్లున్న దారిలో తిప్పండి. టేబుల్ మీద నెగ్గిన డబ్బా కొక్కేనికి ఓడిపోవడం కొత్తేమీ కాదు. కొట్టు నుంచి కొనేవాడి వంటింటి దాకా జరిగేది ఇదే కనుక ఈ పరీక్షకే ఎక్కువ మార్కులు.

వీటితో పాటు పది డబ్బాల బరువు తూచి రాసి పెట్టుకోండి. తర్వాతి పెట్టెల్లో బరువు తగ్గుతూ వస్తే సరఫరాదారు మందం తగ్గిస్తున్నాడన్నమాట. ధర అదే చెబుతాడు, పేరూ అదే ఉంటుంది, డబ్బా మాత్రం సాంబారు ముందే చేతులెత్తేస్తుంది.

ఇక కూర కూరకూ తీర్పు. ముద్దపప్పు, టమాటా పప్పు, దోసకాయ పప్పు చిక్కగా ఉంటే 500 మి.లీ. గుండ్రటి డబ్బాలో గంట దాకా నిశ్చింత, పదికి ఎనిమిది మార్కులు. చిక్కటి ఇగురు, కుర్మా, పనీర్ కూరలకు ఏడు. బిర్యానీ, పులిహోర, ఫ్రైడ్ రైస్ లాంటి వాటికి 750 మి.లీ. లేదా లీటరు మడతపెట్టె బాగా నప్పుతుంది, తొమ్మిది వేయొచ్చు. ప్లాస్టిక్ డబ్బాలో అన్నం ఆవిరికి తడిసి ముద్దవుతుంది, ఇక్కడ పిప్పి ఆ తడిని పీల్చుకుని మెతుకు విడివిడిగా ఉంచుతుంది. ఈ డబ్బా ప్లాస్టిక్ కంటే నిజంగా మెరుగైన చోటు ఇదొక్కటే. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు వేడి చేసుకోవచ్చు కూడా.

వేపుళ్లకు తొమ్మిది ఇవ్వొచ్చు గానీ, ఇవ్వాల్సిన అవసరమే లేదు. దొండకాయ వేపుడుకు డబ్బా దేనికి? అరిటాకు ముక్కలో పెట్టి బ్రౌన్ కాగితంలో పొట్లం కడితే చాలు. పూర్వం అంగడి మిర్చిబజ్జీ ఇలాగే కదా ఇంటికొచ్చింది. కాకపోతే అప్పుడు కట్టింది వార్తాపత్రికలో. ఆ పని మాత్రం వద్దు, అచ్చు సిరా తగిలే కాగితంలో ఆహారం చుట్టకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. అచ్చులేని ఫుడ్‌గ్రేడ్ కాగితం కిలోల లెక్కన దొరుకుతుంది.

సాంబారు, రసం, మజ్జిగపులుసు, చేపల పులుసు: రెండు మార్కులు, అవీ దయతలచి. డబ్బా చిల్లు పడి కారుతుందనుకుంటారు, అలా జరగడం అరుదు. మూత అంచుకు తడి తగిలి వదులై, కొంచెం ఒరగగానే పక్క నుంచి జారుతుంది. చింతపండు పులుసు మీద తేలే నూనె పొర ముందు బయటికొస్తుంది. కొనేవాడి సంచి, స్కూటర్ సీటు, ఆపైన ప్యాంటు, వరసగా ఖరాబవుతాయి. మూత బిగుతుగా ఉంటుందని ప్లాస్టిక్ మూతతో వచ్చే పిప్పి డబ్బాలు కొనేవారున్నారు. సగం ప్లాస్టిక్ పెట్టుకుని పూర్తి ధర కడుతున్నట్టు లెక్క, పైగా వేడికి ఆ పల్చటి మూత ముడుచుకుని మళ్లీ కారుతుంది.

కట్టే తీరులో మార్పులు చేస్తే ఇగురు, కుర్మాలకు ఇంకో మార్కు పెరుగుతుంది. డబ్బాను గొంతు దాకా నింపకూడదు, పైన వేలెడు ఖాళీ వదలాలి. కూర పోయగానే మూత నొక్కేయకుండా ఒకటి రెండు నిమిషాలు తెరిచి ఉంచితే మొదటి జోరు ఆవిరి పోతుంది. అంతకంటే ఎక్కువ చల్లార్చకూడదు, వేడిగా ఉంచాల్సిన వంటకం 60 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే క్రిములకు అనుకూలం. మూతను మధ్యలో అరచేత్తో అదమడం చాలామంది కుర్రాళ్ల అలవాటు, దాంతో అంచు ఒకపక్కే పడుతుంది. రెండు బొటనవేళ్లతో అంచు చుట్టూ నొక్కుతూ రావాలి, గాడిలో పడినప్పుడు చిన్న టక్కు వినిపిస్తుంది. పైన రబ్బరు బ్యాండు వేయకండి, మెత్తబడ్డ అంచును అదే కోసేస్తుంది. నూలు దారం అడ్డంగా నిలువుగా ఒక్కో చుట్టు, లేదా కాగితపు పట్టీ చాలు.

అన్నింటికంటే పనిచేసే ఉపాయం అరిటాకు. డబ్బా అడుగు కంటే రెండు వేళ్లు ఎక్కువ వ్యాసంతో గుండ్రంగా కోసుకుని, పొయ్యి సెగకు ఒక్క క్షణం అటూ ఇటూ చూపించాలి. పచ్చి ఆకును అలాగే వంచితే ఈనె వెంబడి చీలుతుంది, సెగ తగిలిన ఆకు ముదురాకుపచ్చగా మారి గుడ్డలా వంగుతుంది. నిగనిగలాడే పైవైపు కూరకు తగిలేలా పరచాలి. ఆకు మీదున్న మైనపు పూత నూనెను ఆపుతుంది, పీఫాస్ లేని డబ్బాకు ఉన్న ఒక్క లోటూ దీంతో తీరుతుంది. ఒక పెద్ద ఆకుకు పది పన్నెండు గుండ్రాలు తేలతాయి. పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టి పెట్టుకుంటే రాత్రి వ్యాపారం దాకా వాడవు. ఇడ్లీ పార్శిల్‌కూ ఇదే పద్ధతి, లేకపోతే ఇడ్లీ చెమట అడుగున చేరి మెత్తటి ముద్ద మిగులుతుంది.

మరి పులుసు సంగతి? దానికి కొనుక్కొచ్చే డబ్బా ఏదీ సరైన జవాబు కాదు. కొనేవాడి స్టీలు గిన్నే జవాబు. ‘గిన్నె తెస్తే 3 రూపాయలు తగ్గింపు’ అని బోర్డు రాసిపెడితే చాలదు, బోర్డు పెట్టి వారం చూసి ఎవరూ తేవట్లేదని వదిలేసిన కొట్లే ఎక్కువ. అసలు అడ్డంకి కొలత మీద అనుమానం. కవరు నిండుగా కనబడేది, పెద్ద గిన్నెలో అదే సాంబారు అడుగంటినట్టు కనబడుతుంది. ‘ఏంటండీ ఇంతేనా పోశారు’ అన్న మాట అక్కడే వస్తుంది. అందుకని గిన్నెలోకి గరిటెతో పోయకండి. పావు లీటరు, అర లీటరు స్టీలు కొలతపాత్రలు కౌంటరు మీద పెట్టి, కొనేవాడి కళ్లముందే నింపి, ఎత్తు నుంచి వంచండి. కొలతపాత్ర వాళ్ల గిన్నెకు తగలకూడదు, శుభ్రతకు అదే కాపలా. తడిగా, జిడ్డుగా ఉన్న గిన్నెలో పోయమంటే మొహమాటపడకుండా కడిగి తెమ్మనాలి. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా రద్దీలో గిన్నెవాళ్లు వరుసను ఆపేస్తున్నారంటే వాళ్లకు వేరే వైపు చిన్న బల్ల వేయడం మేలు. వాళ్ల పని ముందు అయిపోతోందని కనబడితే మర్నాడు ఇంకొకరు గిన్నె తెస్తారు. తగ్గింపు కంటే ఇదే ఎక్కువ లాగుతుంది.

గిన్నె తేనివాళ్లకు డిపాజిట్ మీద స్టీలు డబ్బా. దీనికి లెక్క ముందే వేసుకోవాలి: ఒకటి కొనేవాడి ఇంట్లో, ఒకటి కడుగుడులో, ఒకటి అరలో. రోజుకు 35 ద్రవ పార్శిళ్లుంటే కనీసం 105 డబ్బాలు కావాలి. డిపాజిట్ డబ్బా కొన్న ధర కంటే తక్కువగా పెడితే అవి తిరిగి రావు, స్టీలు డబ్బా ఇంట్లో ఉప్పుకో పప్పుకో ఎప్పుడూ పనికొస్తుంది కదా. మూతలోని సిలికాన్ రింగును ప్రతిసారీ ఊడదీసి వేడినీళ్లలో కడగాలి. దాని కింద చేరిన చేపల పులుసు వాసన మర్నాటి రసంలో తేలుతుంది. మాంసాహారానికీ శాకాహారానికీ డబ్బాలు వేరుగా, మూత మీద రంగు చుక్కతో. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే కొట్టుకు పాత ఖాతాలే పోతాయి. బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి, తడి గుడ్డతో తుడవడం కడిగినదాన్ని మళ్లీ మురికి చేయడమే.

ధర దగ్గరికొద్దాం. ఊరూరికీ రేట్లు మారతాయి, అందుకని ఇవి అనుకున్న అంకెలు మాత్రమే, మీ రేట్లు వేసుకుని చూడండి. కవరు 40 పైసలు, పార్శిల్‌కు రెండు చొప్పున 80 పైసలు. పిప్పి డబ్బా మూతతో 8 రూపాయలు. రోజుకు 150 పార్శిళ్లలో 60 వేపుళ్లు, 40 పప్పులూ ఇగుర్లూ, 50 సాంబారూ పులుసూ. కవర్లతో రోజుకు 120 రూపాయలు, నెలకు 3,600. అన్నీ పిప్పి డబ్బాలకు మార్చేస్తే రోజుకు 1,200, నెలకు 36,000. నలభై రూపాయల కూర అమ్మే కొట్టు దీన్ని మోయలేదు, మూడో నెలకు మళ్లీ కవర్లు కొంటుంది. చాలాచోట్ల జరిగేది ఇదే.

కలగలిపి వెళ్తే వేరే అంకె వస్తుంది. నూటికి ముప్పై మంది గిన్నె తెచ్చారనుకుందాం. 45 పార్శిళ్ల మీద 3 రూపాయల తగ్గింపు 135. మిగిలిన 42 వేపుళ్లకు ఆకూ కాగితమూ రూపాయిన్నర చొప్పున 63. మిగిలిన 28 పప్పూ ఇగుర్లకు పిప్పి డబ్బాలు 224. 35 ద్రవాలకు స్టీలు డబ్బాల కడుగుడు 2 రూపాయల చొప్పున 70. మొత్తం రోజుకు 492, నెలకు 14,760. పార్శిల్‌కు రెండున్నర రూపాయల దాకా అదనం. స్టీలు డబ్బాల పెట్టుబడి దీనికి పైన. నలభై రూపాయల కూరను నలభై మూడు చేస్తే సరిపోతుంది, కానీ ‘పార్శిల్ చార్జి’ అని విడిగా వేస్తే గొడవ. ధరలోనే కలిపి, గిన్నె తెచ్చినవాళ్లకు తగ్గించడం నయం. రెండూ ఒకటే లెక్క, వినడానికి మాత్రం తేడా ఉంది.

పోటీ సరుకు గురించి క్లుప్తంగా. వక్క పట్ట ప్లేట్లు వేడి ద్రవానికి పిప్పి కంటే బాగా ఆగుతాయి, గట్టిగానూ ఉంటాయి. కానీ మూతపడే డబ్బాగా కుదరవు, కొట్లో కూర్చుని తినేవారికే. తేమలో బూజు పడతాయి కాబట్టి వాడేముందు తుడిచి ఎండ చూపించాలి. ఎగుమతి ఆలోచన ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి: వక్క చెట్టు పట్టలోని ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఆహారంలోకి చేరవచ్చంటూ 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ ఈ ప్లేట్లపై హెచ్చరిక ఇచ్చింది.

మన్యం అడ్డాకు విస్తళ్లు, తెలంగాణలో మోదుగాకు విస్తళ్లూ దొప్పలూ, వీటిని ఎందుకు పక్కన పెట్టామో ఎవరికీ తెలియదు. చట్నీకి మోదుగాకు దొప్పను మించింది లేదు, ముప్పై నలభై మి.లీ. పల్లీ చట్నీ ఇడ్లీతో కలిపి కొట్లోనే తినేదాకా చక్కగా ఆగుతుంది. చీపురు పుల్లలతో కుట్టినది ఆకు సరుకే. యంత్రంలో నొక్కిన రకం కొంటే వెనక అట్టనూ ఆకునూ విడదీసి చూడండి, మధ్యలో పాలిథిన్ పొర పెట్టి అతికినవి బజారులో చాలా ఉన్నాయి.

కంపోస్టబుల్ కవర్ల దగ్గర మోసం ఎక్కువ. కవరు మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు, కంపోస్టబుల్ అన్న మాట ఉండాలి. ప్రమాణం ఐఎస్ 17088. ఊరికే ‘బయోడిగ్రేడబుల్’ అని ఆకు బొమ్మ వేసినది ఆ లెక్కలోకి రాదు. అసలైనది కూడా సాంబారు పోయడానికి కాదు, పైసంచిగా మాత్రమే. ఎండ తగిలే చోట ఏడాది నిల్వ పెడితే ముట్టుకోగానే చిరుగుతుంది, కాబట్టి మూడు నెలల సరుకు మించి కొనకండి. గుడ్డసంచి పేరుతో అంగళ్లలో ఇచ్చే నాన్‌ఓవెన్ సంచి గుడ్డ కానే కాదు, అది పాలీప్రొపిలిన్. బ్రౌన్ కాగితం సంచి మేలే, కానీ డబ్బా అడుగు చెమటకు సంచి అడుగు ఊడుతుంది. లోపల పాత అట్టపెట్టె ముక్క ఒకటి పరిస్తే ఆ బాధ ఉండదు.

పూర్తిగా పీఎల్ఏతో, అంటే మొక్కల పిండిపదార్థం నుంచి తీసే ప్లాస్టిక్‌తో చేసిన కప్పులు, గిన్నెలు చల్లటి వాటికే. దాదాపు 60 డిగ్రీల దగ్గర పీఎల్ఏ మెత్తబడుతుంది, చారు వేడి దానికంటే ఎక్కువ.

నిల్వ విషయంలో పిప్పి డబ్బా గారాబం కోరుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరం ఊళ్లలో, వానాకాలం ఎక్కడైనా, తెరిచిన పెట్టెలోని మూతలు గాలిలో తేమ పీల్చి వంగుతాయి. వంగిన మూత గాడిలో పడదు, బలవంతంగా నొక్కితే అంచు చీలుతుంది. పెట్టెను నేల మీద కాక జానెడు ఎత్తున అర మీద పెట్టాలి, గోడకు ఆనించకూడదు, ఆ రోజుకు కావలసిన కట్టలే విప్పాలి. వంట ఆవిరి తగిలే చోట కౌంటరు కింద దొంతర పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. పిప్పిలో మిగిలిన తీపికి చీమలు, బొద్దింకలు వస్తాయన్న అనుమానం చాలామందికి ఉంది. గుజ్జు ఉడికి కడిగాక తీపి మిగలదు. బొద్దింకలు వచ్చేది అట్టపెట్టె మడతల్లో దాక్కోవడానికి, అందుకే సరుకును మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చడం మంచిది. ప్లాస్టిక్కే, కానీ పదేళ్లు పనిచేసే ప్లాస్టిక్.

కొనేముందు మూతల లెక్క కూడా తేల్చుకోండి. డబ్బాలూ మూతలూ వేర్వేరు పెట్టెల్లో వస్తాయి, వంగినవీ చీలినవీ పోగా మూతలే ముందు అయిపోతాయి. 250, 500 మి.లీ. రెండు సైజులకూ ఒకే మూత సరిపోయే తయారీదారు దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అతని దగ్గరే ఉండిపోవడం నయం. ముప్పై మూతలు అదనంగా ఇస్తావా అని బేరం అక్కడ పెట్టండి, ధర దగ్గర కాదు.

పాడైన డబ్బాలను చెత్తబండికి వేయకండి. పొడి చెత్తలో పడితే అక్కడే మిగిలిపోతాయి. కొట్లో కూరగాయల తొక్కు ఎలాగూ బకెట్లకొద్దీ వస్తుంది, దాంతో ఎరువు చేయబోయి వాసన భరించలేక మానేసినవాళ్లకు లోపించింది పొడి సరుకే. రెండు బకెట్ల తొక్కుకు ఒక బకెట్టు చింపిన డబ్బా ముక్కలు, అరచేతి కంటే చిన్నవిగా, పుల్లమజ్జిగ నీళ్లు చిలకరించి, చిల్లులున్న డ్రమ్ములో వేసి వారానికోసారి తిరగేయాలి. పిడికిట్లో పట్టి పిండితే చుక్క రాలీ రాలనట్టుండాలి తడి. రెండు మూడు నెలల్లో ముక్కలు కనబడకుండా పోతాయి. మూత అంచులు మాత్రం గట్టిగా నొక్కినవి కనుక అన్నిటికంటే చివర కరుగుతాయి. జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలే ఆ చంద్రవంక ముక్కలను తీసి తర్వాతి విడతలో వేసేయండి.